గురువారం కుర్చీ

"అమ్మ మళ్ళీ స్టవ్ ముట్టించింది. ఇంక మనకి భయం లేదు," అన్నారు మా ఆయన, నోట్లో బ్రష్షుతో వంటింటి గుమ్మంలో నిలబడి. సగం మాట, సగం నురగ. మామయ్యగారు పేపరు మడిచి పక్కన పడేసి, "నిజమా?" అంటూ లేచొచ్చారు. అంతకు ముందు ఆ ఇంటికి ఆసుపత్రి రిపోర్టులు కట్టలు కట్టలుగా వచ్చాయి గానీ, ఏ రిపోర్టూ ఆయన్ని కుర్చీలోంచి అంత చురుగ్గా లేపలేదు. పెద్ద డాక్టరు స్కాన్ చూసి "జబ్బు జాడ లేదు" అన్నరోజున కూడా "చూద్దాం లెండి, ఇప్పుడే ఏం చెప్పగలం" అని నసిగిన మనిషి, అత్తయ్య చేతి టీ ఒక్క గుక్క తాగగానే "నయమైపోయిందిరా మీ అమ్మకి" అని తేల్చిపారేశారు.

అత్తయ్య స్టవ్ వైపే తిరిగి నిలబడ్డారు. కొత్తగా మొలిచిన జుట్టు మెడ మీద చిన్న చిన్న రింగులు తిరిగి ఉంది. కీమో తర్వాత కొందరికి అలా వస్తుంది, అంతకు ముందు ఎన్నడూ లేకపోయినా. "హీరోయిన్లా ఉన్నావే అమ్మా" అని ఆయన ఆటపట్టించారు. ఆవిడ నవ్వారనుకున్నాను. వెనక నుంచి చూస్తే నవ్వారో లేదో ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిందనుకున్నాను, అంతే.

నేనేం పుణ్యాత్మురాల్ని కాదు. ఆ ఉదయం నాక్కూడా గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆవిడ జబ్బు పడ్డ నాటి నుంచీ నేను పడ్డ పరుగు అంతా ఇంతా కాదు. పొద్దున్నే అత్తయ్యకి ఉప్పూకారం లేని వంట, మామయ్యగారికి నోటికి రుచించే వంట, తర్వాత బస్సు, ఆసుపత్రి, సాయంత్రం మళ్ళీ బస్సు, మళ్ళీ వంట. మా ఆయన సాయం చెయ్యలేదని కాదు. చేశారు. వాళ్ళమ్మని రెండుసార్లు కీమోకి తీసుకెళ్ళారు. ఆ రెండుసార్ల గురించీ ఆఫీసులో, వీధిలో, ఫోన్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. మామయ్యగారు తిన్న కంచం సింకు దాకా మోసుకెళ్ళడం నేర్చుకున్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "పాపం, ఈ వయసులో పెద్దాయనకి ఎంత కష్టమొచ్చింది" అని కళ్ళొత్తుకున్నారు. ఆ కళ్ళొత్తుకున్న వాళ్ళకి టీలు అందించింది నేను.

అత్తయ్య వంటింట్లోకి తిరిగొచ్చాక నాకు నా పొద్దుటి పూటలు తిరిగొచ్చాయి. మొహం కడుక్కుని బాల్కనీలో చిన్న బల్ల ముందు కూర్చుంటే, టీ కప్పు దానంతట అదే నడిచొచ్చినట్టు నా మోచేతి పక్కకి వచ్చేది. ఆవిడ గాజుల చప్పుడు కూడా కాకుండా కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. నా థీసిస్ మూడొంతులు ఆ పూటల్లోనే రాశాను. థీసిస్ దేని మీదంటారా? క్యాన్సర్ చికిత్స ముగించుకుని బతికి బయటపడ్డవాళ్ళ మనసుకి ఎలాంటి ఆసరా కావాలి అన్న దాని మీద. నవ్వొస్తోంది కదూ. నాక్కూడా వస్తోంది. ఆ రోజుల్లో మాత్రం రాలేదు.

నేను మందులిచ్చే డాక్టర్ని కాను. మా ఆయన నన్ను "డాక్టరమ్మా" అని సాగదీసి పిలిచేది అందుకే. "ఊళ్ళో వాళ్ళ మనసులన్నీ బాగుచేస్తావు, మా మనసు సంగతేంటి తల్లీ?" అంటారు, చొక్కాకి గుండీ ఊడినప్పుడల్లా. నా పని అడగడం, వినడం, రాసుకోవడం. చికిత్స జరుగుతున్నంతకాలం మనిషి చుట్టూ అందరూ ఉంటారు. ఆఖరి మందు ఎక్కించాక డాక్టరు "వెళ్ళిరండి, హాయిగా ఉండండి" అని పంపేస్తారు చూశారూ, అసలు భయం అక్కడ మొదలవుతుంది. చిన్న దగ్గొస్తే భయం. నడుం పట్టేస్తే భయం. స్కాన్ తేదీ దగ్గర పడుతుంటే కాళ్ళలో వణుకు. పైకి చెబితే "అంతా అయిపోయిందిగా, ఇంకా ఏంటి?" అంటారు ఇంట్లోవాళ్ళు. అలాంటివాళ్ళతో కూర్చుని మాట్లాడటానికి మా ఆసుపత్రిలో కౌన్సెలర్లు ఇద్దరే. వచ్చేవాళ్ళు వందల్లో. అందుకని ఎవరిని ముందు పంపాలో తేల్చడానికి మేమొక ప్రశ్నావళి తయారుచేశాం. జవాబులకి మార్కులుంటాయి. మార్కులు ఎక్కువొస్తే మనిషి కోలుకున్నట్టు. ఒక గీత గీసి, గీతకి పైనున్నవాళ్ళని "కౌన్సెలింగ్ అవసరం లేదు" అని ఇంటికి పంపేస్తాం. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే నా థీసిస్.

జనం దగ్గరికి తీసుకెళ్ళే ముందు, అందులోని మాటలు మామూలు మనుషులకి అర్థమవుతున్నాయో లేదో చూడాలి. ఒక్కో వాక్యం చదివి, "ఇది మీకెలా అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. మా పనిలో అదొక పద్ధతి. ఇంట్లోనే చికిత్స పూర్తయిన మనిషి ఉండగా ఇంకెవరి కోసమో వెతకడం ఎందుకు? బంధువుల జవాబులు లెక్కల్లోకి తీసుకోకూడదు గానీ, భాష సరిచూసుకోవడానికి అడ్డేముంది? ఓ ఆదివారం అత్తయ్యని డైనింగ్ టేబుల్ దగ్గర పట్టుకున్నాను. ఆవిడ బీన్స్‌కి ఈనెలు తీస్తున్నారు.

"'జీవితం పట్ల ఆశాభావంతో ఉన్నాను.' ఇది ఎలా అర్థమైంది అత్తయ్యా మీకు?"

"ఎవరమ్మా ఇలా మాట్లాడేది? రేడియోలో వార్తలు చదివేవాళ్ళా?"

"పోనీ, మీరైతే ఎలా అంటారు?"

"రేపేం వండాలా అని ఆలోచిస్తున్నాను అంటాను. రేపు ఉంటుందన్న నమ్మకం ఉంటేనేగా ఆ ఆలోచన."

నేను పకపకా నవ్వి ఆ మాట రాసుకున్నాను. తర్వాత ఇంటి పనుల విభాగం. వంట మునుపటిలా చేయగలుగుతున్నారా? బట్టలు ఉతకగలుగుతున్నారా? ఇల్లు శుభ్రం చేయగలుగుతున్నారా? ఇంట్లోవాళ్ళ అవసరాలు కనిపెట్టి చూసుకోగలుగుతున్నారా? అన్నిటికీ ఆవిడ కాయల మీంచి తలెత్తకుండా "ఊఁ" అన్నారు. చివర్లో మాత్రం ఒకటి అడిగారు. "ఇవన్నీ చేస్తుంటే బాగున్నట్టా?"

"అవునత్తయ్యా. మీకు నూటికి నూరు."

"సరే అయితే. బాగున్నాను," అని ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టి, వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచి, కాసేపు వాటివైపే చూసి ఇంకో కాయ అందుకున్నారు. ఆ వేళ్ళ కొసలు కీమో మందుకి మొద్దుబారిపోయాయి. వేడి తెలియదు, పదును తెలియదు. ఆ సంగతి నాకు కొత్త కాదు. అలాంటి వేళ్ళ గురించి నా థీసిస్‌లో ఒక పేజీ రాశాను కూడా.

సాయంత్రం భోజనాల దగ్గర "అత్తయ్యకి ఫస్ట్ క్లాస్" అని ప్రకటించాను. "మా అమ్మంటే ఏమనుకున్నావ్, ఉక్కు మనిషి" అన్నారు మా ఆయన. ఆ వెంటనే "అమ్మా, మంచినీళ్ళు" అన్నారు. ఉక్కు మనిషి లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది.

అప్పటికే ప్రతి గురువారం అత్తయ్య ఆసుపత్రికి వెళ్తున్నారు. "రక్త పరీక్ష" అనేవారు. పొద్దుటి వంట, మధ్యాహ్నం వంట రెండూ ముగించి, మామయ్యగారికి అన్నం మూతపెట్టి, బస్సెక్కి వెళ్ళి సాయంత్రం టీ వేళకి వచ్చేసేవారు. ఆవిడకి చికిత్స జరిగింది మా ఆసుపత్రిలోనే గానీ, మా రీసెర్చ్ విభాగం వెనక బిల్డింగులో, పై అంతస్తులో ఉంటుంది. రోగులు వచ్చేది ముందు బిల్డింగుకి. "నేను తోడు రానా?" అని మొదట్లో అడిగాను. "నీ పని చెడగొట్టుకోకు" అన్నారు. అంత మాట అన్నాక ఎవరు మాత్రం బలవంతం చేస్తారు? చికిత్స అయిపోయినవాళ్ళకి మూణ్ణెల్లకోసారి చేసే రక్త పరీక్ష ఈవిడకి వారం వారం ఏమిటా అని, పొద్దస్తమానం అదే పనిలో ఉండే నా బుర్రకి తట్టనే లేదు.

చెప్పింది కీమో వార్డు సిస్టర్. ప్రశ్నావళికి జనం దగ్గర జవాబులు తీసుకోవడం కూడా అయ్యాక, ఒక గురువారం నాడు ముందు బిల్డింగు లిఫ్టులో కనిపించి, "మీ అత్తగారు వస్తే మాకు భలే కాలక్షేపం మేడమ్. ఆవిడ రాకపోతే గురువారం గురువారంలా ఉండదు," అంది.

"మా అత్తగారా? ఆవిడ ల్యాబ్‌కి కదా వచ్చేది?"

"ల్యాబ్ ఏంటి? మా వార్డు బయట హాల్లో కూర్చుంటారు. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు."

కీమో వార్డు బయట! జబ్బు తిరగబెట్టింది. ఈ మహాతల్లి ఎవరికీ చెప్పకుండా తనొక్కతే వచ్చి మందు ఎక్కించుకుని, ఇంటికెళ్ళి మళ్ళీ మాకు టీ పెడుతోంది. లిఫ్టు ఆగేలోపు నేను అన్నీ చూసేశాను. మళ్ళీ రాలిపోయే ఆ రింగుల జుట్టు చూశాను, మామయ్యగారి ఏడుపు చూశాను. నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా చూశాను. మళ్ళీ ఆ రెండు రకాల వంటలు, ఆ బస్సులు, సగంలో ఆగిపోయిన థీసిస్. ఛీ, ఇదేం బుద్ధి అనిపించింది. ఛీ అనుకుంటూనే పరిగెత్తాను.

హాల్లో గోడ పొడవునా ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు. అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చెప్పులు విప్పి, కాళ్ళు ఎదురుగా లాక్కున్న ఇంకో కుర్చీ మీదకి చాపుకుని, ఒళ్ళో శాలువా వేసుకుని. చేతిలో కాగితం కప్పులో టీ. చుట్టూ తలకి స్కార్ఫులు కట్టుకున్న ఆడవాళ్ళు, వాళ్ళతో పాటు పొట్టి జుట్టుతో ఒకావిడ. ఎవరో ఏదో అన్నారు, అత్తయ్య ఘొల్లుమని నవ్వారు. నా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడకి అంత పెద్ద నవ్వుందని నాకు తెలియదు.

నన్ను చూడగానే ఆవిడ గబుక్కున కాళ్ళు కిందికి దించేశారు. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి కాళ్ళు దించుకోవాల్సిన ఖర్మ ఏమిటి ఆవిడకి?

"ఏమైంది అత్తయ్యా? మళ్ళీ వచ్చిందా? ఎప్పట్నించి?"

"ఏదీ రాలేదు. అరవకు. కూర్చో ముందు."

"మరి రక్త పరీక్ష?"

"ఏ పరీక్షా లేదు."

"అయితే ఇక్కడికెందుకు వస్తున్నారు?"

"కూర్చోడానికి."

ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది నాకు. హడలిపోయిన మనిషికి ఆ హడలు తీరగానే వచ్చే కోపం అది. "ఇంట్లో కుర్చీలు లేవా?" అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని మా ఇంట్లో ఎలాగూ పేరుంది.

"ఎందుకు లేవు, బోలెడున్నాయి. కూర్చోనిస్తేగా," అన్నారు అత్తయ్య, ఏమాత్రం కోపం లేకుండా. "నేను కాసేపు కూర్చున్నాననుకో, మీ మామయ్యగారు 'ఒంట్లో బాలేదా?' అంటారు. బాగానే ఉందంటే, అయితే కాస్త టీ పెట్టు అంటారు. బాలేదంటే ఆ మనిషి మొహంలో నెత్తురుచుక్క ఉండదు. డాక్టరుకి ఫోన్ చేద్దామా, అబ్బాయిని పిలుద్దామా అని ఇల్లంతా తిరుగుతారు. ఆయన్ని ఊరుకోబెట్టడానికి మళ్ళీ నేనే లేవాలి. ఇక్కడైతే ఆ గొడవే లేదు. ఎందుకు కూర్చున్నావని ఆసుపత్రిలో ఎవరడుగుతారు?"

"మా ఇంట్లోనూ ఇదే వరస," అంది పొట్టి జుట్టావిడ. "డ్యూటీకెళ్తే నిలబడే పని, ఇంటికొస్తే నిలబడే పని." అప్పుడు గుర్తుపట్టాను. బస్సు కండక్టరు. మా ప్రశ్నావళికి జవాబులిచ్చినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళలో ఈమె ఒకరు. ఇంటి పనుల విభాగంలో ఒక్క మార్కు కూడా పోలేదు. అవసరం లేదు అని నా చేత్తో నేనే రాసి పంపించాను. ఆమె చికిత్స ముగిసి చాలా కాలమైంది. ఆమెకీ ఆ రోజు ఆసుపత్రిలో ఏ పనీ లేదు. "మీరెందుకొచ్చారు?" అని అడగబోయి నాలిక్కరుచుకున్నాను.

కాసేపటికి స్కార్ఫులవాళ్ళని లోపలికి పిలిచారు. కండక్టరమ్మ ఇంకో టీ తెచ్చుకుంటానని లేచింది. మేమిద్దరమే మిగిలాక అత్తయ్య గొంతు తగ్గించారు.

"ఒక మాట చెబుతాను, తిట్టకు. ఆ మందు ఎక్కించే రోజుల్లో ప్రాణం పోయినంత పనయ్యేది. నోరంతా పుళ్ళు, వాంతులు, నీకు తెలియనిదేముంది. కానీ లోపల ఆ కుర్చీలో పడుకున్నంతసేపూ నన్నెవరూ లేవమనలేదు. నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మొన్నొకనాడు అంట్లు తోముతూ అనుకున్నాను, మళ్ళీ ఆ కుర్చీలోకి పోతే బాగుండు అని. ఆ కుర్చీలోకి పోవడమంటే ఏంటమ్మా? జబ్బు రావాలని కోరుకోవడమేగా? నా మనసుతో నేనే దాన్ని పిలిచానేమో అని ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఎవరితో చెప్పను? దాన్ని పోగొట్టడానికి మీరందరూ అంత కష్టపడ్డాక, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం గురించి నేను చదివింది గుట్టలు గుట్టలు. దాని మీద గంటసేపు ఆపకుండా ఉపన్యాసం ఇవ్వగలను. తిరగబెడితే కాస్త కూర్చోవచ్చు అనిపించేంత అలసట గురించి మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా తగల్లేదు. తగలదు. అడిగితేనేగా తగిలేది. మేమడిగింది, వంట చేయగలుగుతున్నారా అని. ఆవిడ చేయగలుగుతున్నారు, మేం మార్కులేశాం.

"నాతో చెప్పొచ్చుగా అత్తయ్యా. నా పనే అది."

"నీతోనా?" ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "పొద్దున్నే నువ్వు బాల్కనీలో కూర్చుని రాసుకుంటుంటే నాకెంత ముచ్చటగా ఉంటుందో తెలుసా? మనింట్లో ఒక ఆడమనిషి దర్జాగా కూర్చోవడం నేను చూసింది అప్పుడే. నేను కూర్చుంటే నువ్వు లేవాలి. ఆమాత్రం నాకు తెలియదూ?"

ఇంట్లో చెప్పొద్దని మాట తీసుకున్నారు. ఇచ్చాను. ఇద్దరం ఒకే బస్సులో ఇంటికొచ్చాం. నేను బ్యాగు కింద పెట్టేలోపే ఆవిడ వంటింట్లో ఉన్నారు. మరుగుతున్న టీ గిన్నెని ఒట్టి చేత్తో దించబోతుంటే నేను అరిచి పట్టకారు అందించాను. "తెలియలేదమ్మా" అన్నారు. హాల్లోంచి మా ఆయన, "ఏంటా అరుపులు? అత్తాకోడళ్ళు అప్పుడే మొదలెట్టారా?" అని నవ్వారు. మామయ్యగారూ నవ్వారు. ఆ ఇంట్లో ఆ హాస్యం ఎన్నిసార్లు పండిందో లెక్కలేదు.

మర్నాడు ప్రొఫెసరుగారి గదికి వెళ్ళాను. సోమవారం ఆసుపత్రి కమిటీ ముందు మా ప్రశ్నావళి పెట్టాలి. వాళ్ళు సరేనంటే ఇక చికిత్స ముగించుకున్న ప్రతి మనిషినీ దాంతోనే కొలుస్తారు. నా థీసిస్ కూడా దాంతో గట్టెక్కుతుంది.

"ఇంటి పనుల విభాగం తీసెయ్యాలి సర్," అన్నాను.

"ఇప్పుడా? మార్కుల్లో సగం బరువు అదే కదమ్మా!"

"అందుకే సర్. బాగా అలిసిపోయినవాళ్ళకే అందులో ఎక్కువ మార్కులొస్తున్నాయి. చెయ్యక తప్పదు కాబట్టి చేస్తున్నారు. మనం దాన్ని కోలుకోవడం అంటున్నాం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మనిషి మంచివారే, గొంతు పెంచరు. "చూడమ్మా, ఇంటి గొడవలు పరిశోధనలోకి తేకు. మనిషి మునుపటిలా పనిచేసుకోగలగడం ఆరోగ్యానికి గుర్తు. ఇది నువ్వూ నేనూ పుట్టించిన మాట కాదు."

"మగవాళ్ళని ఈ ప్రశ్నలు అడగలేదు కదా సర్ మనం? వాళ్ళకి ఆ చోట ఉద్యోగం గురించి అడిగాం."

"వాళ్ళు వంటా అదీ చెయ్యరు కదా, అడిగేం లాభం?"

"చెయ్యకపోయినా వాళ్ళు బాగున్నట్టేగా సర్?"

బల్ల మీద ఆయన లంచ్ బాక్సు గుడ్డలో పొందిగ్గా కట్టి ఉంది. ఆయన చూపు దాని మీద పడిందో, నా చూపే పడిందో. దాన్ని పక్కకి జరిపి, "తీసేస్తే అందరినీ మళ్ళీ కలవాలి. లెక్కలన్నీ మొదటికొస్తాయి. నీకింకో ఏడాది పడుతుంది, ఆలోచించుకో," అన్నారు. "ఈ లోపల కావాలంటే ఎక్కువ మార్కులొచ్చిన ఆడవాళ్ళని కూడా కౌన్సెలర్ దగ్గరికి పంపు. వద్దనను."

"పంపుతాను సర్. ఏడాది పడితే పట్టనివ్వండి," అన్నాను.

కుండబద్దలు కొట్టినట్టు అనేసి బయటికొచ్చాను. వెంటనే కండక్టరమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాను. అత్తయ్యని నేను పంపకూడదు, బంధువు. అందుకని కౌన్సెలరమ్మతో, "గురువారం కీమో వార్డు బయట హాల్లో ఓసారి టీ తాగి రండి" అని మాత్రం చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఇంకో ఏడాది పొద్దుటి పూటలు ఎక్కణ్ణించి తేను? అత్తయ్య కూర్చోవాలంటే నేను లేవాలి. నేను కూర్చోవాలంటే ఆవిడ లేవాలి. బస్సులో ఇంటిదాకా ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. సోమ, బుధ నేను, మంగళ, గురు ఆవిడ, ఇలా పంచుకుందామా అని కూడా అనుకున్నాను. మా స్టాపు దగ్గర దిగుతుండగా తట్టి, రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనక ఆటోవాడు తిట్టాడు. ఇంత చదువూ చదివి నేను ఆ ఇంట్లో ఇద్దరినే లెక్కపెడుతున్నాను! ఇన్నేళ్ళుగా ఆవిడా నేనూ ఒకే కుర్చీలోకి వంతులవారీగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాం. ఆవిడ నా మీద జాలితో, నేను ఆవిడ మీద జాలితో. మిగతా రెండు కుర్చీలు ఎప్పుడూ నిండే ఉంటాయి, ఆ వైపు మేమెవరం కన్నెత్తి చూడలేదు. నాకు అత్తయ్య మీద జాలి పోయి, నా మీదే చచ్చేంత కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య బట్టలు మడతపెట్టి అప్పుడే ముందు గదిలో కుర్చీ అంచున కూర్చున్నారు. ఆవిడ ఎప్పుడూ అంచునే కూర్చుంటారు, లేవడానికి వీలుగా. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మామయ్యగారు పేపరు చదువుతున్నారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ, ఎవరివైపూ చూడకుండా అలవాటుగా అన్నారు.

"అమ్మా, టీ."

అత్తయ్య రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించారు.

"కూర్చోండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. నేను లేస్తాననుకున్నారు. నేనూ అలాగే అనుకున్నానేమో, నా మోకాళ్ళు అప్పటికే సగం లేచాయి. పాడు మోకాళ్ళు, వాటికెవరు చెప్పారు? బలవంతంగా వెనక్కి జారగిలబడి కూర్చున్నాను.

"ఏంటి, నువ్వు పెడుతున్నావా?" అన్నారు మా ఆయన.

"లేదండీ."

"మరి?"

"మీరు పెట్టండి. మాక్కూడా."

ఆయన ఒక చేతిలో బూటుతో అలాగే ఉండిపోయారు. ఏదో హాస్యమాడబోయి, నా మొహం చూసి మానుకున్నారు. గురువారాల సంగతి బయటపెట్టనని మాటిచ్చాను. అది చెప్పకుండా ఇంకేం చెప్పినా ఈ ఇంట్లో నాది పొగరే అవుతుంది, రేపు చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. అవనీ. ఆవిడ ఇప్పుడు లేచారా, ఇంక ఈ జన్మకి కూర్చోరు. లేవకండి అత్తయ్యా, లేవకండి అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

మామయ్యగారు పేపరు దించారు. అత్తయ్యని పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన మొహంలో నిజంగానే కంగారు.

"ఏమోయ్, ఒంట్లో బాలేదా?"

అత్తయ్య ఆయనవైపు చూశారు. కుర్చీ చేతుల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అంచు నుంచి వెనక్కి జరిగి, చెప్పులు విప్పి, ఎదురుగా ఉన్న స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని, దాని మీద కాళ్ళు చాపుకున్నారు.

"బాగానే ఉందండీ," అన్నారు. "అందుకే కూర్చున్నాను."